సగం ధరకే మేగజైన్ చందా: కట్టే ముందు ఏం చూడాలి, పత్రిక రాకపోతే ఏం చేయాలి

ఆన్‌లైన్‌లో మేగజైన్ చందా సగం ధరకే అని ఆఫర్ కనిపిస్తే చాలామంది రెండే చూస్తారు: ఎంత తగ్గించారు, గిఫ్టు ఏమిస్తున్నారు. అసలు చూడాల్సింది మూడోది. ఆ పత్రిక మీ గుమ్మం దాకా ఎలా వస్తుంది, రాకపోతే ఎవరిని అడగాలి? చందా గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఫ్రిజ్ కొంటే ఒకే డెలివరీ, దాంతో సరి. చందాలో డబ్బంతా ముందే కట్టేసి, ఆ తర్వాత పన్నెండు సార్లో, యాభై రెండు సార్లో డెలివరీ కోసం చూడాలి. అన్నిసార్లలో ఎక్కడో ఒకచోట తేడా రావడం మామూలే. వచ్చినప్పుడు సరిదిద్దే మనిషి అవతల ఉన్నాడా లేదా అన్నదే అసలు సంగతి.

ముందు మీ పేపర్ ఏజెంట్‌ని అడగండి

ఆన్‌లైన్ గురించి చెప్తానని ఇదేంటి అనుకోకండి. ‘స్వాతి’ వారపత్రికో, ‘ఇండియా టుడే’నో కావాలంటే పొద్దున్నే పేపర్ వేసే అబ్బాయి దాంతోపాటే తెచ్చి వేస్తాడు. నెలాఖరున బిల్లు ఇస్తాడు. ఒక వారం రాకపోతే ఆ వారం డబ్బు కట్టరు, అంతే. ఫిర్యాదు లేదు, టికెట్ నంబర్ లేదు. డిస్కౌంటు ఉండదన్న మాట నిజమే, కానీ రాని సంచికకు పైసా పోదు. ఆన్‌లైన్ చందాలో ఈ సుఖం లేదు.

కాబట్టి ఏజెంట్ దగ్గర దొరకని వాటికే ఆన్‌లైన్ చందా పెట్టుకోండి. పిల్లల పత్రికలు, పోటీ పరీక్షల మేగజైన్లు, ఇంగ్లీషు మంత్లీలు, సాహిత్య పత్రికలు, ఊళ్లో బుక్‌స్టాల్‌కి రానివి. ఊరు చిన్నదై, స్టాల్ కూడా లేకపోతే ఇక తప్పదు, పోస్టు మీదే ఆధారపడాలి.

అమ్ముతున్నది ఎవరో తేల్చుకోండి

ఆన్‌లైన్‌లో చందాలు అమ్మేవాళ్లు మూడు రకాలు. పత్రికను అచ్చువేసే పబ్లిషరే తన సైట్లో అమ్మడం ఒకటి. పదుల కొద్దీ పత్రికల చందాలు ఒకేచోట పెట్టి కమీషన్ మీద అమ్మే ఏజెన్సీ సైట్లు రెండోది. పెద్ద షాపింగ్ యాప్‌లో ఎవరో సెల్లర్ పెట్టిన లిస్టింగ్ మూడోది.

ఎక్కువ డిస్కౌంటు తరచు రెండో రకంలో కనిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే. మీరు డబ్బు కట్టగానే మీ పేరు పబ్లిషర్ రిజిస్టర్‌లోకి ఎక్కదు. ఏజెన్సీ ఆర్డర్లన్నీ పోగుచేసి, తన కమీషన్ మినహాయించుకుని, మిగతా డబ్బుతోపాటు లిస్టు పంపాలి. పబ్లిషర్ ఆఫీసులో ఎవరో దాన్ని ఎక్కించాలి. ఈ మధ్యలో మీరు ఎవరికీ చందాదారు కారు. పబ్లిషర్‌కి ఫోన్ చేస్తే "మీ పేరు మా దగ్గర లేదండి" అంటారు, ఏజెన్సీకి చేస్తే "మేం పంపేశామండి" అంటారు. మా ఇంట్లో పిల్లల పత్రిక ఒకటి ఇలాగే ఆగింది. రెండు వైపులా ఫోన్లు చేసి విసిగిపోయాక, ఏజెన్సీకి ఒకే ప్రశ్న మెయిల్ చేశాను: "నా ఆర్డర్ పబ్లిషర్‌కి ఏ తేదీన, ఏ రిఫరెన్సుతో పంపారు?" జవాబు రాలేదు గానీ, వారం తిరక్కుండా పబ్లిషర్ దగ్గర నా పేరు ఎక్కింది. అప్పటిదాకా పంపనే లేదన్నమాట. ఏజెన్సీ ద్వారా కొన్నవాళ్లు ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోవాలి.

సైట్ అసలుదో కాదో చూడటానికి పేజీ అడుగుకి వెళ్లండి. కంపెనీ పూర్తి పేరు, ఆఫీసు అడ్రసు, ఫోన్ నంబరు, గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు ఉండాలి. ఇది వాళ్ల మంచితనం కాదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఈ వివరాలు పెట్టి తీరాలి. ఒక వాట్సాప్ నంబరూ, ఒక ఫారమూ తప్ప ఇంకేం లేకపోతే అక్కడితో ఆగిపోండి, ఎంత చౌకైనా సరే.

ఇంకో మంచి పద్ధతి ఉంది. వీలైతే ఆ పత్రిక తాజా సంచిక ఒకటి స్టాల్లో కొనండి. విషయసూచిక పక్కనో, చివరి పేజీ అడుగునో చిన్న అక్షరాల్లో ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ పేర్లు, అచ్చయిన చోటు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. చందా విభాగం మెయిల్, అసలు చందా రేట్లు కూడా చాలా పత్రికల్లో అక్కడే దొరుకుతాయి. ఆ మెయిల్‌కి ఒక లైను రాయండి: "ఫలానా సైట్ మీ చందాలు అమ్ముతోంది, వాళ్లు మీ ఏజెంట్లేనా?" జవాబు వస్తే సరే. వారం దాటినా రాకపోతే, డబ్బు కట్టాక మీ ఫిర్యాదుకి ఏపాటి స్పందన ఉంటుందో కూడా తెలిసిపోయినట్టే.

డిస్కౌంటు లెక్క మీరే వేసుకోండి

శాతాలు పక్కన పెట్టి, ఒక్కో సంచిక చేతికి ఎంత పడుతుందో చూడండి. నెలపత్రిక విడి ప్రతి ధర 60 రూపాయలనుకుందాం. ఏడాదికి 720. నలభై శాతం తగ్గింపు అంటే 432. బాగుంది. ఆర్డర్ చివరి పేజీలో కొరియర్ చార్జీ నెలకు 20 చొప్పున 240 కలుస్తుంది. మొత్తం 672. అంటే సంచిక 56 రూపాయలు. నలభై శాతం కాస్తా ఏడు శాతం దగ్గరికి వచ్చింది. ఇక పన్నెండులో మూడు సంచికలు రాలేదనుకోండి, అదే 672ని తొమ్మిదితో భాగిస్తే ఒక్కోటి 74 దాటుతుంది. స్టాల్లో కొనుక్కున్నా తక్కువే అయ్యేది.

ఇలా చివరి పేజీలో చార్జీలు కలపడం, అడక్కుండానే డిజిటల్ ఎడిషన్‌కి టిక్కు పెట్టి ఉంచడం, "ఈ ఆఫర్ ఇంకో 9 నిమిషాలే" అని గడియారం తిప్పడం, తేలిగ్గా చేర్చుకుని రద్దు చేసే దారి మాత్రం దాచడం: ఇవన్నీ కేంద్రం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయచేసే సైట్ ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధించిన పద్ధతులే. గడియారం చూసి టెన్షన్ పడకండి. మర్నాడు అదే సైట్ తెరిచి చూడండి, గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతూ ఉంటుంది.

గిఫ్టుల సంగతి కూడా ఒక ముక్క. బ్యాగు, వాచీ, ఇయర్‌ఫోన్లు ఇస్తామనే ఆఫర్లలో షరతులు చదవండి. "స్టాకు ఉన్నంత వరకు", "ఇంతకంటే తక్కువ కాని విలువగల మరో వస్తువు" అని ఉంటే బొమ్మలో చూసింది రాకపోవచ్చు. పైగా మధ్యలో చందా రద్దు చేస్తే గిఫ్టు విలువ తగ్గించుకుని మిగతాది ఇస్తామని రాసిపెట్టేవాళ్లు ఉన్నారు. నన్నడిగితే గిఫ్టు లేని ఆఫరే మేలు.

ఇక మూడేళ్లు, అయిదేళ్ల చందాలు. ఏటికేడు చౌక అయ్యే మాట నిజమే. కానీ తెలుగు పాఠకులకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, 1947లో మొదలై తరాల పిల్లల్ని పెంచిన ‘చందమామే’ ఆగిపోయింది. ‘విపుల’, ‘చతుర’ కూడా ఇప్పుడు లేవు. కరోనా తర్వాత ఎన్నో పత్రికలు ప్రింటు ఆపి డిజిటల్‌కి మారాయి. కొత్త పత్రికకైతే ఏడాదికి మించి కట్టవద్దు. మొదటి ఏడాది సంచికలు సరిగ్గా వస్తే అప్పుడు రెండేళ్లకి వెళ్లండి. ‘జీవిత చందా’ అనేదాన్ని విరాళం అనుకుని కట్టేట్టయితే కట్టండి. సాహిత్య పత్రికలకి చాలామంది అలాగే కడతారు, అందులో తప్పేం లేదు.

పోస్టా, కొరియరా?

ఇది తెలిస్తే సగం గొడవ అర్థమవుతుంది. మన దేశంలో పత్రికలకి పోస్టాఫీసులో ప్రత్యేకమైన రాయితీ రేటు ఉంది. 31 రోజులకు మించని వ్యవధిలో వెలువడుతూ, నిజమైన చందాదారులున్న పత్రికను పోస్టల్ శాఖ దగ్గర ‘రిజిస్టర్డ్ న్యూస్‌పేపర్’గా నమోదు చేయించుకుంటే, ప్రతికి పోస్టేజీ పైసల్లోనే పడేది. యాభై గ్రాముల లోపు ప్రతికి 25 పైసలన్నది ఎన్నో ఏళ్లుగా నడిచిన రేటు. మీ పత్రిక అట్ట మీదో, లోపలో కనిపించే పోస్టల్ రిజిస్ట్రేషన్ నంబరు ఆ రాయితీదే. అన్ని ప్రతుల్నీ నిర్ణయించిన పోస్టాఫీసులో, నిర్ణయించిన తేదీల్లో గుత్తగా వేస్తారు.

ఆ పైసల్లో ట్రాకింగ్ రాదు, సంతకం తీసుకోవడం ఉండదు. మామూలు టపా. దారిలో పోయినా ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు. పబ్లిషర్ "మేం పోస్ట్ చేశాం" అంటే అది నిజమే అయ్యుండొచ్చు, మీకు రాకపోవడమూ నిజమే.

దీనికి చక్కని ఉదాహరణ కేంద్ర ప్రభుత్వ పబ్లికేషన్స్ డివిజన్ వేసే ‘యోజన’. గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లకి పరిచయమే, తెలుగులో కూడా వస్తుంది. మామూలు పోస్టులో ప్రతులు పోతున్నాయన్న ఫిర్యాదులు పెరిగాక వాళ్లు రెండు రేట్లు పెట్టారు: ఏడాదికి సాధారణ పోస్టు అయితే 230 రూపాయలు, ట్రాకింగ్‌తో కావాలంటే 434. తేడా 204. దాన్ని పన్నెండుతో భాగిస్తే 17. అప్పట్లో రిజిస్టర్డ్ పోస్టుకి అదనంగా కట్టే ఫీజు సరిగ్గా అంతే. పబ్లిషర్ అందులో పైసా మిగుల్చుకోలేదన్నమాట. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇలాంటి రేట్లు మారుతుంటాయి. కట్టే రోజున తాజా రేటు చూసుకోండి.

ఏది ఎంచుకోవాలి? మీ పోస్ట్‌మ్యాన్ మీకు పేరుతో తెలిసి, ఉత్తరాలు సరిగ్గా వచ్చే ఊళ్లోనో, పాత కాలనీలోనో ఉంటే మామూలు పోస్టు చాలు. హైదరాబాదులో వందల ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీలో ఉంటే ట్రాకింగ్‌కి డబ్బు పెట్టండి. అక్కడ టపా అంతా సెక్యూరిటీ గది బల్ల మీద ఒక కుప్పగా పడుతుంది. పారదర్శకమైన కవర్లో రంగురంగుల బొమ్మల పత్రిక ఆ కుప్పలో ఎంతసేపు ఉంటుందో మీకు తెలిసిందే. మా బ్లాకులో ఒకసారి పిల్లల పత్రిక నాలుగు రోజుల తర్వాత, పదవినోదం పూర్తిచేసి ఉండగా దొరికింది. కొరియర్ ఎంచుకుంటే ఇంకొకటి అడగండి: మీ పిన్‌కోడ్‌కి ఆ కొరియర్ ఇంటిదాకా వస్తుందా, లేక మండల కేంద్రంలోనే ఆగి "వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్ చేస్తుందా? పల్లెలకి కొరియర్ కన్నా పోస్టే నయం.

ఫారమ్ నింపేటప్పుడు

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ‘సంచిక రాలేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం అడ్రసే. హైదరాబాదు డోర్ నంబర్లలో డ్యాష్‌లు, స్లాష్‌లు ఎక్కువ. కొన్ని ఫారాలు స్లాష్‌ని ఒప్పుకోవు, కొన్ని చెప్పకుండా తీసేస్తాయి. 3-6-145/2/A కాస్తా 361452A అయిపోతే పోస్ట్‌మ్యాన్ మాత్రం ఏం చేస్తాడు? స్లాష్ తీసుకోకపోతే దాని బదులు ‘బై’ అని అక్షరాల్లో రాయండి. లేబుల్ ప్రింటర్లు పొడవాటి లైన్ల చివర కత్తిరించేస్తాయి కాబట్టి ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు మొదటి లైన్లో పెట్టండి. "ఆంజనేయస్వామి గుడి ఎదురు సందు" లాంటి గుర్తు ఆఖరి లైన్లోకి వెళ్లాలి. పిన్‌కోడ్ గూగుల్‌లో చూసి కాదు, మీకు పాతగా వచ్చిన ఏ బ్యాంకు కవరు మీదో చూసి వేయండి. అద్దె ఇల్లయితే ఓనర్ పేరుతో ‘కేరాఫ్’ పెట్టండి, పోస్ట్‌మ్యాన్‌కి ఆ పేరే తెలుసు.

డబ్బు కట్టేచోట రెండు జాగ్రత్తలు. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేసే, అంటే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని అభ్యంతరం పెట్టే దారి ఉంటుంది. యూపీఐ, అందులోనూ ఎవరి వ్యక్తిగత నంబరుకో నేరుగా పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. రెండోది ఆటోపే, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు. "ఆటో రెన్యువల్‌కి అదనపు పది శాతం తగ్గింపు" అంటే ఏడాది తర్వాత అప్పటి పూర్తి ధర మీ ఖాతాలోంచి వెళ్తుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకి కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. కానీ 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఆ మెసేజ్ వచ్చేది మనం చదవకుండా తుడిచేసే మెసేజ్‌ల మధ్యే. తీసుకోకుండా ఉండటమే మంచిది. ఇప్పటికే తీసుకుని ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకి వెళ్లి మీరే రద్దు చేసుకోవచ్చు, ఆ కంపెనీని బతిమాలక్కర్లేదు.

కట్టగానే మూడు స్క్రీన్‌షాట్లు తీసి ఒక ఫోల్డర్‌లో పడేయండి: ఆఫర్ పేజీ, షరతుల పేజీ, ఆర్డర్ నంబరుతో ఉన్న రసీదు. ఆఫర్ పేజీ ముఖ్యం. గొడవ వచ్చేనాటికి అది సైట్లో ఉండదు.

మొదటి సంచిక వచ్చేదాకా

డబ్బు కట్టిన వారానికే పత్రిక రాదు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టడం మామూలే, చాలా సైట్లు షరతుల్లో ఆ మాటే రాస్తాయి. అప్పటికే ఆ నెల లిస్టు ప్రింటుకి వెళ్లిపోయి ఉంటుంది. ఆ గడువు దాకా ఓపిక పట్టండి, దాటిన మర్నాడే మెయిల్ పెట్టండి.

మొదటి సంచిక వచ్చాక కవర్ని చెత్తబుట్టలో వేయకండి. దాని మీది లేబుల్‌ని ఫొటో తీసుకోండి. మీ చందా నంబరు, చాలాసార్లు చందా ముగిసే నెల కూడా దాని మీదే ఉంటాయి. ఆ ముగింపు నెల మీరు కట్టినదానికి సరిపోయిందా? ఏడాదికి కట్టినా పదకొండు సంచికలకే ఎక్కించడం, లేదా మీకు పంపని పాత సంచికను మొదటిదిగా లెక్కేయడం జరుగుతుంటాయి. ఇది మొదటి నెలలోనే పట్టుకుంటే ఒక్క మెయిల్‌తో సర్దుకుంటుంది.

తర్వాత ప్రతి సంచిక వచ్చిన తేదీ క్యాలెండర్లో ఒక చిన్న గీత. ఇంట్లో వంటగది గోడకి క్యాలెండర్ ఉంటుందిగా, పాలవాడి లెక్క పక్కనే.

సంచిక రాలేదు

మొదట ఇంటి దగ్గరే వెతకండి. వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని, ఆ తర్వాత పోస్ట్‌మ్యాన్‌ని అడగండి. పోస్ట్‌మ్యాన్‌తో తగువు పెట్టుకోవద్దు. "అన్నా, ఈ నెల పుస్తకం రాలేదు, ఏమైనా చూశావా?" అంటే చాలు, వచ్చే నెల నుంచి ఆయనే గుర్తుపెట్టుకుంటాడు. వరుసగా పోతుంటే సబ్ పోస్టాఫీసుకి వెళ్లి పోస్టుమాస్టరు గారికి కాగితం మీద రాసిచ్చి, ఇంకో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఇండియా పోస్ట్ సైట్లోనూ, 1800 266 6868 నంబరులోనూ ఫిర్యాదు తీసుకుంటారు. మామూలు టపా కాబట్టి పోయింది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ పోస్ట్‌మ్యాన్ తిరిగే బీటు మీద పైవాళ్ల కన్ను పడుతుంది, దాని ప్రయోజనం అదే.

పబ్లిషర్‌కి మాత్రం వెంటనే రాయండి. రాని సంచిక గురించి ఇన్ని రోజుల్లోపు చెప్పాలని చాలా పత్రికలు గడువు పెడతాయి. అది దాటితే పాత ప్రతులు లేవంటారు. ఫోన్ చేస్తే చేయండి గానీ, ఫోన్లో మాట్లాడిందంతా మళ్లీ మెయిల్లో పెట్టాలి. మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్కారం. నా చందా నంబరు ఇది, ఆర్డర్ నంబరు ఇది, ఫలానా తేదీన ఇంత మొత్తం కట్టాను (రసీదు జతచేశాను). ఆగస్టు, సెప్టెంబరు సంచికలు అందలేదు. ఆ రెండు సంచికలూ ట్రాకింగ్ ఉన్న పద్ధతిలో మళ్లీ పంపండి. ప్రతులు లేకపోతే చందాను రెండు నెలలు పొడిగించి, కొత్త ముగింపు నెల ఏదో రాతపూర్వకంగా తెలపండి. ఏడు పనిదినాల్లో జవాబు కోరుతున్నాను. నా అడ్రసు, ఫోన్ నంబరు కింద ఉన్నాయి."

కోపం, వ్యంగ్యం, "మీ పత్రిక నలభై ఏళ్లుగా చదువుతున్నాం" లాంటివి వద్దు. అవతల చదివేది ఎడిటర్ గారు కాదు, రోజుకి ఇలాంటివి ఎన్నో చూసే క్లర్కు. ఏం కావాలో మొదటి మూడు లైన్లలో తెలిస్తే ఆయన పని తేలిక, మీ పనీ అవుతుంది. పత్రిక ఢిల్లీదో, ముంబైదో అయితే ఇంగ్లీషులో రాయండి.

"పొడిగిస్తాం" అనే మాటతో జాగ్రత్త. ఒకటి రెండు సంచికలకి పొడిగింపు న్యాయమే. నాలుగైదు పోయాక కూడా పొడిగింపే అంటుంటే, రాని పత్రికను ఇంకొన్ని నెలలు రాకుండా చూసుకోమన్నట్టే. అప్పుడు మిగిలిన సంచికల డబ్బు వాపసు అడగండి. "డిజిటల్ ఎడిషన్ ఇస్తాం" అన్నా అంతే. ప్రింటుకి కట్టారు కాబట్టి ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇంట్లో పెద్దవాళ్ల కోసం కట్టిన చందాకి ఫోన్లో పీడీఎఫ్ ఏం పనికొస్తుంది?

మెయిళ్లకి జవాబు లేకపోతే

ఇక్కడి నుంచి వరుస తప్పకుండా వెళ్లండి.

ముందు సైట్లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, పాత మెయిళ్లన్నీ జతచేసి రాయండి. పైన చెప్పిన 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారమే 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్లో ఆ రెండు గడువులూ ప్రస్తావించండి. మామూలు కస్టమర్ కేర్‌లో కదలని ఫైలు దీంతో కదిలే అవకాశం ఉంది.

దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ సైట్లోనూ, కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లోనూ రసీదులు అప్‌లోడ్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇస్తారు. వీళ్లు కోర్టు కాదు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబడతారు, అంతే. పేరున్న కంపెనీలు దీనికి త్వరగా స్పందిస్తాయి. అయిపూ అజా లేని ఏజెన్సీల దగ్గర దీని బలం తక్కువ.

కార్డుతో కట్టినవాళ్లు ఇవన్నీ అయ్యేదాకా ఆగకుండా బ్యాంకులో డిస్ప్యూట్ కూడా వేయండి. దానికి గడువు ఉంటుంది, ఆలస్యమైతే తీసుకోరు. బ్యాంకే 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఆఖరిది జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదారు వందల చందాకి కమిషన్ ఎందుకు అనిపిస్తుంది, నిజమే. అయితే మూడు సంగతులు తెలుసుకోండి. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫిర్యాదు ఫీజు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. ఒక్క సంచిక కోసం నేనైతే వెళ్లను. మూడేళ్లకి వేలల్లో కట్టించుకుని ఒక్క ప్రతి కూడా పంపనివాళ్ల మీద, లేదా అపార్ట్‌మెంట్లోనో, స్కూల్లోనో పదిమంది కలిసి మోసపోయినప్పుడు వెళ్లడం సబబే. దానికి ముందు ‘పదిహేను రోజుల్లో డబ్బు వాపసు చేయకపోతే కమిషన్‌కి వెళ్తాను’ అని స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. కొన్నిసార్లు ఆ కవరే పని చేసిపెడుతుంది.

రీఫండ్ పేరుతో వచ్చే ఫోన్లు

ఫిర్యాదు చేసి విసిగి ఉన్నప్పుడే మోసగాళ్లకి చిక్కుతాం. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, పైన కనిపించే నంబరు దొంగదయ్యే ప్రమాదం ఉంది. పత్రిక లోపల అచ్చయిన నంబరే వాడండి. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఏనాడూ ఉండదు. స్క్రీన్ షేర్ చేయమనే యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయండి. "మీ చందా లక్కీ డ్రాలో గెలిచింది, జీఎస్టీ కట్టండి" అనేవాళ్లూ అదే కోవ. డబ్బు పోయిందా, క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో చందాలు కట్టే అలవాటున్న పెద్దవాళ్లకి ఈ పేరా చదివి వినిపించండి.

విదేశాల నుంచి ఇంటికి చందా కట్టేవాళ్లకి

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ అమ్మానాన్నలకి పత్రిక కట్టించేవాళ్లు ఎంతోమంది. ‘గిఫ్ట్ సబ్‌స్క్రిప్షన్’ ఉంటే అదే తీసుకోండి. అందులో కట్టేవారి వివరాలు, అందుకునేవారి వివరాలు విడిగా ఉంటాయి. ఫోన్ నంబరు దగ్గర మాత్రం ఇక్కడివాళ్ల నంబరే ఇవ్వండి, కొరియర్ అబ్బాయి విదేశీ నంబరుకి ఫోన్ చేయడు. మెయిల్ మీది ఉంచండి, రెన్యువల్ నోటీసులు, ఫిర్యాదులు మీరు చూసుకోవచ్చు. ఇండియా పత్రికను అక్కడికి తెప్పించుకోవాలంటే విమానం పోస్టేజీ చందాను మించిపోతుంది. అక్కడ మ్యాగ్జ్‌టర్ (Magzter) లాంటి యాప్‌లో డిజిటల్ చదవడమే దారి.

రెన్యువల్

చందా అయిపోయే మూడు నాలుగు నెలల ముందు నుంచే "ఆఖరి అవకాశం" ఉత్తరాలు మొదలవుతాయి. కంగారు పడకండి, లేబుల్ మీది ముగింపు నెల చూడండి. మరీ ముందుగా కడితే పాత చందాకి కొత్తది కలపకుండా రెండూ ఒకేసారి నడిపి, నెలకి రెండు ప్రతులు పంపే ఆఫీసులున్నాయి. ఆఖరి సంచికకి నెలన్నర ముందు కడితే సరిపోతుంది, కట్టేటప్పుడు పాత చందా నంబరు తప్పకుండా వేయండి. కొత్త చందాదారుల డిస్కౌంటు పాతవాళ్ల కన్నా ఎక్కువగా ఉండటం రివాజు. సైట్లో అది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి చందా విభాగానికి పంపి, "ఇదే రేటుకి రెన్యూ చేస్తారా?" అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పాతది ముగియనిచ్చి, ఇంట్లో ఇంకొకరి పేరు మీద కొత్తగా కట్టండి.